ఏ పురుగుది ఏ వాసన

మొగల్తూరు,
దసరా వెళ్ళిన వారం.

దుర్గమ్మకి మీ వదిన వీరవేణి రాస్తున్నది,

ఉత్తరం చూసి కంగారు పడకు. అందరం బాగానే ఉన్నాం. మీ అన్నయ్య పొద్దున్నే ఉప్పుటేటి మీదికి వేటకి వెళ్తున్నారు, నేను బజారుకి వెళ్తున్నాను. ఫోన్ చేద్దామనుకున్నాను గానీ నీకు పంపాల్సింది ఫోన్‌లో పట్టేది కాదు. కవర్లో అగ్గిపెట్టె ఉంది. మెల్లగా తెరువు. దూదిలో ఒక పురుగు ఉంటుంది. ఫోటో తీస్తే పురుగు కంటే దాని నీడే బాగా పడింది. అందుకని దాన్నే పంపిస్తున్నాను. వ్యవసాయ డిప్లమా చదివి, పెళ్ళయ్యేదాకా పురుగుల్ని సూదులకి గుచ్చి పేర్లు రాసే ఉద్యోగం చేశావు. నువ్వు కాక ఇంకెవరు చెబుతారు నాకు?

సాయంత్రం లైటు వెయ్యగానే ఇవి గోడల మీదికి వచ్చేస్తున్నాయి. సన్నగా పొడుగ్గా ఉంటాయి. కాళ్ళు మరీ పొడుగు. పచ్చ అనలేం, గోధుమరంగు అనలేం. మొన్న మీ అన్నయ్య కంచం ముందు కూర్చుని లేచిపోయారు. "ఇల్లంతా ఏంటో కంపు కొడుతోంది వీరవేణీ, నీకు తెలీట్లేదా?" అన్నారు. "తెలుస్తోంది, కడుగుతాను" అన్నాను. చేపల బుట్టలన్నీ సున్నపు నీళ్ళతో తోమాను. గోనెపట్టాలు ఉతికాను. మర్నాడు మళ్ళీ అదే మాట.

నాకు ఒక్క సంగతి చెప్పు చాలు. ఇది కంపు కొట్టే పురుగేనా? ఆ కంపు దీనిదా, నా బుట్టలదా?

మీ వదిన,
వీరవేణి

---

కోరుకొండ,
అక్టోబరు చివర.

వదినా,

నీ అగ్గిపెట్టె మా ఆయన తెచ్చి నా చేతిలో పెట్టారు. నువ్వు అడిగింది చదివి ఇద్దరం నవ్వుకున్నాం. దీన్ని కంపు కొట్టేదేనా అని అడుగుతావేంటి? దీని పేరే కంపునల్లి. ఒక్కదాన్ని వేళ్ళతో నలిపి ఉంటే నన్ను అడిగే పనే ఉండేది కాదు.

నీ బుట్టల తప్పేమీ లేదు. వరి కంకులు పాలు పోసుకునే రోజుల్లో ఇవి చేలల్లో గింజ పాలు పీల్చి తాలు చేస్తాయి. లైటు కనబడితే ఇళ్ళకి వచ్చేస్తాయి. కాళ్ళ మొదట్లో, ఒంటి కింద చిన్న రంధ్రాలుంటాయి. బెదిరిస్తే అందులోంచి ఆ కంపు వదులుతాయి. అంచేత చీపురుతో కొట్టకండి, తొక్కకండి. అరుగు మీద తెల్ల లైటు తీసేసి పసుపు బల్బు పెట్టండి. పొద్దున్నే అవి మత్తుగా ఉన్నప్పుడు సబ్బునీళ్ళ బేసిన్ కింద పట్టుకుని అందులోకి దులిపేస్తే చాలు. వంటింట్లో మందు మాత్రం కొట్టకు.

పెరట్లో ఇంకో రకం నల్లులు ఉంటాయి. డాలులా వెడల్పుగా, వీపు మధ్య మూడు మూలల పలకతో ఉంటాయి. కనబడితే పంపు. ఏ మొక్క మీద దొరికిందో, నలిపితే ఏ వాసన వచ్చిందో రాయి. వాసన ముఖ్యం వదినా, ఒక్కోదానిది ఒక్కో రకం.

నాకిక్కడ పొద్దు పోవడం లేదు. కిటికీకి చిక్కుడుపాదు అల్లుకుంది. దాని వెనక కొండ. మధ్యాహ్నం ఎండ కొండ దిగి పాదులోంచి వచ్చేసరికి పచ్చటి నీళ్ళలా అయిపోతుంది. గది చెరువు అడుగులా ఉంటుంది. అందులో నేను చేపలా కదలకుండా పడుకుని పైకి చూస్తూ ఉంటాను.

నీ దుర్గ

---

మొగల్తూరు,
కార్తీక మాసం.

దుర్గమ్మకి,

నువ్వు చెప్పినట్టే పసుపు బల్బు పెట్టాం. మీ అన్నయ్య మళ్ళీ కంచం దగ్గర స్థిమితంగా కూర్చుంటున్నారు. "ఇప్పుడు లేదు" అన్నారు. ఆ ఒక్క మాటకి నాకెంత బరువు దిగిందో నీకు తెలీదు.

ఈసారి పెట్టెలో రెండున్నాయి. ఒకటి చిక్కుడుపాదు మీద దొరికింది. లేతాకు రంగు. ఆకు మీద కూర్చుంటే ఆకే అనుకుంటాం. వీపు మీద నువ్వు చెప్పిన మూడు మూలల పలక ఉంది. దాని పై అంచున ముగ్గుపిండితో పెట్టినట్టు తెల్ల చుక్కలు వరసగా ఉన్నాయి. రెండోది అదే పాదు మీద దొరికింది గానీ దీనికి చుట్టంలా కూడా లేదు. చిన్నది, గుండ్రంగా నల్లగా ఉంటుంది, ఒళ్ళంతా తెల్ల బొట్లు, ఎర్ర బొట్లు. రవికె గుడ్డలా ముచ్చటగా ఉంది.

పురుగుల్ని ఇంతసేపు చూడొచ్చని నాకు తెలీదు. బజారు నుంచి రాగానే పాదు కింద ముక్కాలిపీట వేసుకుని కూర్చుంటున్నాను. కాళ్ళు ముడుచుకుంటాయి, మీసాలు తుడుచుకుంటాయి. ఏమీ వినబడదు. సినిమాలో మాటలు తీసేసినట్టు ఉంటుంది. ఈమధ్య నాకు లోకమంతా అలాగే ఉంది.

మీ ఆయన గణేష్‌బాబు గారిని అడిగానని చెప్పు.

వీరవేణి

---

కోరుకొండ,
నవంబరు.

వదినా,

ఆ రెండూ ఒకటే.

నమ్మవని తెలుసు. నల్లగా, బొట్లతో ఉన్నది పిల్ల. లేతాకు రంగుది తల్లి. ఈ పచ్చనల్లి పిల్లలు పుట్టినప్పుడు తల్లిలా ఉండవు. కుబుసం విడిచినప్పుడల్లా కాస్త కాస్త పచ్చబడతాయి. తెలియనివాళ్ళు వేరే జాతి అనుకుని దానికో మందు, దీనికో మందు కొడతారు. గుడ్లు ఆకు అడుగున ఉంటాయి. చిన్న చిన్న పీపాలు పక్కపక్కన నిలబెట్టినట్టు, పైన మూతలతో సహా ఉంటాయి. నా కిటికీ ఆకు మీద కూడా అలాంటి గుత్తి ఒకటుంది. మా ఆయన చిక్కుడుకాయలు కోయబోతే ఆ ఆకు జోలికి వెళ్ళొద్దన్నాను. "పాడుచేసే పురుగు కదా?" అన్నారు. "అయితే అయింది, అవి విచ్చేదాకా ఉండనివ్వండి" అన్నాను. ఆయన కత్తెర లోపల పెట్టేశారు.

కొన్ని జాతుల్లో తల్లి గుడ్ల మీద గొడుగులా నిలబడి ఉంటుంది. చీమలొస్తే ఒళ్ళు వంచి అడ్డం పెడుతుంది. తిండి కూడా మానేస్తుంది. అది చూస్తున్నట్టు నిన్న కల వచ్చింది. కలలో ఆకు మన మొగల్తూరు ఇంటి అరుగంత ఉంది.

వాసన రాయమన్నాను, మరిచిపోయావు. పచ్చనల్లిని నలిపితే ఎలా ఉంటుందో ఈసారి తప్పకుండా రాయి.

కవర్లో నీకో చిన్న రెమ్మ పెట్టాను. కుండీలోది. ఏమీ చెప్పను, అందగానే నీకే తెలుస్తుంది.

దుర్గ

---

మొగల్తూరు,
డిసెంబరు.

దుర్గమ్మకి,

ఈసారి నేను పంపినదాన్ని చూసి నువ్వు లేచి కూర్చుంటావు. మన సరుగుడు తోట దాటాక ఇసకలో జీడిమామిడి చెట్లు ఉన్నాయి కదా, అక్కడ దొరికింది. ఎర్రగా, అక్కడక్కడ నల్ల మచ్చలతో ఉంది. దాన్ని తలకిందులుగా పట్టుకుని చూడు. మనిషి ముఖం. రెండు కళ్ళు, ముక్కు, పైన దువ్విన జుట్టులాంటి నల్లటి పట్టీ. చెట్టునిండా అవే. మబ్బుగా ఉన్న పూట, గాలి లేదు. ఆకు ఆకు మీదా ఒక ముఖం నన్ను చూస్తోంది. భయం వెయ్యలేదు. ఏదో అడగబోతున్నట్టు ఉన్నాయి. చాలాసేపు నిలబడ్డాను.

నీ కవర్లో ఏదో ఎండుటాకు వచ్చింది. చిన్న చిన్న ఆకులు, సన్నటి పుల్ల. దాన్ని ఏ పురుగు తింటుందో రాయలేదే. పెట్టెలో దాచాను.

ఇంకోమాట. నువ్వు ఒక్కచోట కూర్చునే పిల్లవి కాదు. నీకు జడ వెయ్యాలంటే నేను వెనక పరిగెత్తాల్సి వచ్చేది. ఇప్పుడేమో వచ్చిన ప్రతి ఉత్తరంలోనూ ఆ కిటికీ, ఆ పాదు, ఆ ఎండ. అగ్గిపెట్టె ఆయన తెచ్చి ఇస్తారు, కాయలు ఆయన కోస్తారు. నువ్వు పెరట్లోకి ఎందుకు వెళ్ళడం లేదు దుర్గా? నాకు చెప్పనిదేమన్నా ఉందా?

వదిన

---

కోరుకొండ,
డిసెంబరు.

వదినా,

నీ ఉత్తరం మూడు పూటలు దిండు కింద పెట్టుకున్నాను.

నీ జీడిచెట్టు పురుగుకి మనిషిముఖం నల్లి అని పేరు. అది తరవాత. ముందు ఆ ఎండుటాకు సంగతి.

అది మరువం.

నీ పెళ్ళయి మా ఇంటికి వచ్చేసరికి నేను పలకా బలపం పట్టుకునే పిల్లని. అమ్మ లేదు. బడికి వెళ్ళేటప్పుడు నా జడలో మరువం పెట్టింది నువ్వే. "చేపలవాళ్ళ పిల్ల అని ఎవరన్నా ముక్కు మూసుకుంటే ఇది వాసన చూడమను" అన్నావు. ఎండినా, ఎన్నాళ్ళయినా, కవరు చింపగానే గుప్పుమంటుంది మరువం. దాన్ని పట్టుకుని నువ్వు ఏ పురుగు తింటుందని అడిగావు.

అప్పుడు నీ ఉత్తరాలన్నీ మళ్ళీ చదివాను. కంపునల్లిని ముందు పెట్టుకుని ఇది కంపు కొట్టేదేనా అని అడిగావు. రెండుసార్లు అడిగినా వాసన రాయలేదు. రంగు రాశావు, చుక్కలు రాశావు, మీసాలు రాశావు. వదినా, నీకు వాసన తెలియడం లేదు కదా?

నువ్వు అడిగినదానికి నేను చెప్పకపోతే నిన్ను అడిగే హక్కు నాకు లేదు. నాకు నాలుగో నెల దాటింది. మంచం దిగొద్దన్నారు డాక్టరుగారు. ఇంతకు ముందు కడుపు పోయిన రెండుసార్లూ నువ్వు పరుగెత్తుకుంటూ వచ్చావు. వచ్చిన రోజే అయిపోయింది. బస్సు దిగుతున్న నీ ముఖం నాకు ఇంకా కనబడుతుంది. అందుకే ఈసారి నీకు చెప్పడానికే భయం వేసింది.

దుర్గ

---

మొగల్తూరు,
సంక్రాంతి ముందు.

అమ్మా దుర్గా,

నీ ఉత్తరం అరుగు మీద కూర్చుని చదివాను. మీ అన్నయ్య అడిగితే "దుర్గ బాగానే ఉంది" అని మాత్రం అన్నాను. నువ్వు చెప్పమన్నప్పుడే చెబుతాను.

నువ్వు అనుకున్నది నిజమే. శ్రావణంలో జ్వరం వచ్చింది నాకు. జ్వరం తగ్గింది, వాసన తిరిగి రాలేదు. పులుసు మరుగుతుంటే ముఖానికి ఆవిరి తగులుతుంది, అంతే. నోట్లో ఉప్పు తెలుస్తుంది, కారం తెలుస్తుంది, పులుపు తెలుస్తుంది. చేప తెలియదు. ఉప్పుటేటి గట్టు మీద నిలబడితే గాలి వీస్తుంది. ఒట్టి గాలి. పుట్టిందీ మెట్టిందీ ఈ ఊరే, ఎవరో బొమ్మ గీసి గోడకి తగిలించినట్టు ఉంది. నేను బయట నిలబడి చూస్తున్నట్టు ఉంది.

భీమవరంలో ముక్కు డాక్టరుకి చూపించుకున్నాను. మీ అన్నయ్యతో నాకు తలనొప్పి అని చెప్పి వెళ్ళాను. రావచ్చు, రాకపోవచ్చు అన్నారాయన.

బజార్లో నా పేరంతా నా ముక్కు మీదే నిలబడింది. "వీరవేణమ్మ గారు వాసన చూసి తీసుకున్న చేపండి" అంటే ఇంక ఎవరూ మాట్లాడరు. మెస్సు నడిపే తబితమ్మ గారు నా దగ్గర తప్ప తీసుకోరు. నేను చేపని ముక్కు దాకా తీసుకెళ్ళి, కళ్ళు మూసుకుని, తల ఊపుతున్నాను. అసలు చూసేది మొప్పల ఎరుపు, కంటి మెరుపు, వేలితో నొక్కితే గుంట లేస్తుందా లేదా. ఇప్పటిదాకా తప్పు జరగలేదు. కానీ రోజూ వేషం వేసుకుని వెళ్తున్నట్టు ఉంది. ఇంట్లో కంపు అన్నప్పుడు అందుకే హడలిపోయాను. ఎక్కడ ఏం కుళ్ళుతోందో నాకు తెలియదు కదా.

ఇదంతా ఓర్చుకోగలను. నీ సంగతి చదివాక మాత్రం ఒకటే తట్టింది. నాకు పిల్లలు లేరు. నీ మాడు వాసన చూసుకుంటూ నిద్రపోయినదాన్ని. రేపు నీ బిడ్డని ఎత్తుకుంటే నాకేం తెలుస్తుంది?

నువ్వు మంచం దిగకు. ఆ గుడ్ల ఆకుని ఎవరినీ కొయ్యనివ్వకు.

వదిన

---

కోరుకొండ,
జనవరి.

వదినా,

గుడ్లు విచ్చాయి, ముందటివి కాదు, అదే ఆకు మీద తరవాత పెట్టినవి. పిల్లలు ఖాళీ పీపాల చుట్టూ గుంపుగా కూర్చున్నాయి, ఇంకా ఎక్కడికీ వెళ్ళడం లేదు. నేనూ ఇక్కడే ఉన్నాను. లోపల కదలిక మొదలైంది. నీళ్ళలో చేపపిల్ల తోక తిప్పినట్టు ఉంటుంది.

మా ఆయన రాజమండ్రిలో డాక్టరుగారిని నీ గురించి అడిగి వచ్చారు. ముక్కుకి అలవాటు చెయ్యాలట. లవంగం, నిమ్మతొక్క, మరువం పొద్దునా సాయంత్రం ముక్కు దగ్గర పెట్టుకుని, ఆ వాసన ఎలా ఉండేదో గుర్తు చేసుకుంటూ పీల్చాలట. రాకపోయినా మానకూడదట.

గుర్తు చెయ్యడం నా పని. నీకు నేను రాస్తాను. నువ్వు చదువుతూ పీల్చు.

మన అరుగు తడిపితే పాత ఇటుకల వాసన వస్తుంది, కాస్త తియ్యగా ఉంటుంది. అన్నయ్య వల ఎండేస్తే మొదట ఉప్పు, తరవాత నాచు, చివరికి ఎండ వాసన. నీ చీర కుచ్చిళ్ళలో ముఖం పెట్టుకుంటే పసుపు, పొగ, వాటి అడుగున ఎప్పుడూ పోని చేప. నాకు అది ఇల్లు. కంపునల్లిది నిలవ నూనెలో ఏదో పచ్చిది వేగినట్టు ఉంటుంది, గొంతులో పట్టుకుంటుంది. పచ్చనల్లిది కొత్తిమీర గుప్పెడు నలిపి ఎండలో మరిచిపోయినట్టు ఉంటుంది. నాకిప్పుడు కొత్తిమీర పేరు రాస్తేనే వికారం. లోకంలో ఉన్న వాసనలన్నీ నా ఒక్కదాని మీదే పడ్డాయి వదినా. సగం నీకు పంపే దారి ఉంటే బావుండును.

అన్నయ్యకి చెప్పు. నా సంగతీ, నీదీ.

దుర్గ

---

మొగల్తూరు,
శివరాత్రి వెళ్ళాక.

దుర్గమ్మకి,

చెప్పాను. ముందు నీ సంగతి చెప్పాను, మనిషి తువ్వాలుతో ముఖం తుడుచుకున్నారు. ఆ మంచి మనసులో ఉండగానే నాది కూడా చెప్పేశాను.

"ముక్కు పోతే పోయింది, నాతో చెప్పలేదేంటి?" అన్నారు.

"చెబితే నన్ను బజారుకి పంపరేమోనని."

"నిన్ను పంపడానికీ మానడానికీ నేనెవర్ని? నువ్వు లేకపోతే నా చేపని కొనేదెవరు?"

అప్పటి నుంచి ఇంటికి వస్తూనే ఏదో ఒకటి చెబుతున్నారు. "ఇవాళ బయట తడిమట్టి వాసన. పక్కింట్లో ఇంగువ వేశారు." వార్తలు చదివినట్టు చదువుతారు. నేను పని చేసుకుంటూ వింటాను.

బజార్లో కూడా చెప్పేశాను. పాపాయిని పక్కన కూర్చోబెట్టుకుంటున్నాను, రొయ్యలు అమ్మేది, నీకు తెలుసు. వాసన ఆవిడది, కన్నూ వేలూ నావి. కొందరు వేరే చోటికి మళ్ళారు. తబితమ్మ గారు మాత్రం బుట్ట దింపి, "ఇన్నాళ్ళూ ముక్కు లేకుండానే మంచి చేప ఇచ్చారన్నమాట, ఇవ్వండి" అన్నారు.

మరువం పీలుస్తున్నాను. ఏమీ రావడం లేదు. నీ ఉత్తరం చదువుతూ పీలిస్తే మాత్రం, వచ్చీ రానట్టు, నిద్రలో ఎవరో పిలిచినట్టు ఉంటుంది. అది ముక్కుకా, మనసుకా అనేది తెలియడం లేదు.

నెలలు నిండగానే వస్తాను. ఈసారి ఏమీ అవదు.

వదిన

---

కోరుకొండ,
జూన్.

వదినా,

ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చేశాం. పిల్ల బాగా పాలు తాగుతోంది. బరువు తక్కువని అన్నారు గానీ గొంతు మాత్రం అన్నయ్యదే.

నువ్వు కాన్పు చూసి వెళ్ళాక ఆస్పత్రి గది ఖాళీగా అనిపించింది. నీతో నోటితో అనలేనిది రాస్తున్నాను. పాపని నీ చేతుల్లో పెట్టినప్పుడు నువ్వు దాని మాడు దగ్గర ముఖం పెట్టి చాలాసేపు ఉన్నావు. తరవాత కిటికీ వైపు తిరిగిపోయావు. నేను నిద్రపోతున్నానని అనుకున్నావు. నిద్రపోలేదు.

ఆ వాసన ఎలా ఉంటుందో రాద్దామని కూర్చున్నాను. పురుగులవన్నీ రాయగలిగినదాన్ని, ఇది రాయలేకపోయాను. పాలు అంటే చాలదు. వెచ్చదనం అంటే అది వాసనే కాదు. కాగితం తెల్లగా ఉండిపోయింది. క్షమించు.

దుర్గ

---

మొగల్తూరు,
ఆగస్టు.

దుర్గమ్మకి,

ఈ ఉత్తరం వంటింట్లో నిలబడి రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకో.

పొద్దున్న మీ అన్నయ్యకి కాఫీ కలిపి గ్లాసు ఎత్తాను. ఏదో చచ్చిన ఎలక లాంటి కంపు ముఖానికి కొట్టింది. పాలు విరిగాయేమో అనుకుని పారబోయబోయాను. ఆయన లాక్కుని వాసన చూసి, తాగి, "బ్రహ్మాండంగా ఉందే" అన్నారు. మళ్ళీ ముక్కు దగ్గర పెట్టుకున్నాను. కంపే. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. మనిషి గ్లాసు కింద పెట్టేసి, వంటింట్లో దొరికినదల్లా ఒక్కొక్కటే నా ముక్కు కిందికి తేవడం మొదలుపెట్టారు. ఉల్లిపాయ కాలిన రబ్బరులా ఉంది. సబ్బు కుళ్ళిన పండులా ఉంది. మిరియాల్లో ఏమీ లేదు. మరువం కూడా తెచ్చారు. మరువం కిరోసిన్ లాగా ఉంది దుర్గా. దాన్ని పట్టుకుని నేలమీద కూర్చుండిపోయాను.

భీమవరం డాక్టరుకి ఫోన్ చేశాం. ముక్కు తిరిగి వచ్చేటప్పుడు కొందరికి ఇలాగే మంచివన్నీ చెడుగా వస్తాయట. మెల్లగా సర్దుకుంటాయట, కొన్ని సర్దుకోకపోవచ్చట. ఎంతకాలం అంటే చెప్పలేనన్నారు. "ఇబ్బందిగా ఉంటుందమ్మా, ఓర్చుకోండి" అన్నారు. ఇబ్బందేంటండీ అన్నాను.

బజారుకి వెళ్ళాను. మొత్తం బజారు కంపు. అలా కంపు కొట్టిన బజారుని నా జన్మలో చూడలేదు. పాపాయి ముక్కు మూసుకోమంది. మూసుకోలేదు. గోడకి తగిలించిన బొమ్మ లోపలికి ఎవరో నన్ను తోసేసినట్టు ఉంది. తప్పు చోట పడ్డానేమో గానీ, లోపలే ఉన్నాను.

పాపకి మూడో నెల వచ్చింది కదా, వీలు చూసుకుని తీసుకురా. డాక్టరుగారు కుదరదంటే చెప్పు, నేనే బస్సెక్కి వస్తాను. దాని వాసన నువ్వు రాయనక్కరలేదు. నా ముక్కుకి ఆ పిల్ల కుళ్ళిన రొయ్యలా ఉన్నా సరే, గుండెలకి హత్తుకుని కడుపునిండా పీలుస్తాను.

వదిన